ఉరుములు రాని వీధి

"మెరిసింది! మెరిసిందహో!"

వీధి ఆ చివర డాబా మీంచి టైలరు పెట్టిన కేక ఈ చివర వంటింటి దాకా వచ్చింది. పాదరసం అప్పుడే మొదటి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చుకున్నాడు. కేక చెవిన పడిందో లేదో, ముద్ద పళ్ళెంలో పడేసి, ఎంగిలి చేత్తోనే మెట్లెక్కేశాడు. "ఆ ఒక్క ముద్దా నోట్లో..." అని భార్య అన్న మాట మెట్ల మలుపు దాటలేదు. ఆమె పళ్ళెం మీద మూత బోర్లించి, గరిటె కడిగి, కిటికీ వైపు నడిచింది.

పైన పాదరసం లెక్క మొదలుపెట్టేశాడు. "ఒకటీ... రెండూ... మూడూ..." ఎదురు డాబా మీద పిండిమిల్లు ఆవిడ కూడా అదే లెక్క. ఆ చివర టైలరు గొంతు సన్నగా వినబడుతోంది.

ఈ ముగ్గురికీ వాతావరణం పిచ్చి. పిచ్చంటే మామూలుది కాదండీ. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైన పాదరసం ఎండ చూస్తాడు. డాబా మీద చిల్లుల తలుపులున్న తెల్ల పెట్టె పెట్టి, అందులో థర్మామీటరు వేలాడదీశాడు. దాన్ని చూసొచ్చి కూర్చుంటాడా, కుర్చీ వేడెక్కకముందే మళ్ళీ లేస్తాడు. అందుకే వీధి ఆ పేరు పెట్టింది. టైలరు గాలి చూస్తాడు. కర్రకి రంగురంగుల గుడ్డపేలికలు కట్టి, ఏది ఎటు ఎగిరిందో చెబుతాడు. వాన కొలత పిండిమిల్లు ఆవిడది. ఆమె గాజు గొట్టం నిండిన పూట ఆమె మొహం చూడాలి, మనవడు పుట్టినట్టుంటుంది.

ఉరుము మాత్రం ముగ్గురి ఉమ్మడి సొత్తు. మెరుపు మెరవగానే లెక్క మొదలుపెట్టాలి, ఉరుము వినగానే ఆపాలి. మూడు అంకెలకి ఒక కిలోమీటరు దూరం. ముగ్గురి లెక్కా కలిస్తే ఫోనులో ఊరి వాతావరణం గ్రూపుకి పంపేవాళ్ళు. ఊళ్ళో బట్టలు ఆరేసుకున్నవాళ్ళంతా వీళ్ళ మాట మీదే నడిచేవాళ్ళు.

అలాంటిది ఈ వేసవిలో లెక్క మొదలవడమే గానీ ఆగడం లేదు.

"అన్నయ్యగారూ!" పిండిమిల్లు ఆవిడ అటునుంచి అరిచింది. "నేను మూడొందలు దాటేశాను. ఈ లెక్కన మెరుపు మన ఊరిది కాదు, పక్క దేశానిది!"

"ఆపమ్మా, ఆపు," అన్నాడు పాదరసం. ఎంగిలి చెయ్యి ఎప్పుడో ఎండిపోయింది.

ఫోను తీసి చూస్తే గ్రూపులో నవ్వులే నవ్వులు. ఆ మెరుపు తాలూకు ఉరుము పక్క వీధిలో విన్నారట, స్టేషను వైపు విన్నారట. "ఆ వీధి వాళ్ళకి చెవుల డాక్టరు నంబరు ఎవరైనా పంపండయ్యా" అని ఒకడు. పాదరసానికి ఒళ్ళు మండింది. ముగ్గురూ టైలరు కొట్టు ముందు చేరారు.

"ఎవరో ఉరుముల్ని పట్టేస్తున్నారు," అన్నాడు పాదరసం గొంతు తగ్గించి.

"పట్టకపోతే ఎక్కడికి పోతాయి లెండి," అన్నాడు టైలరు. "మా అమ్మమ్మ కూడా ఒకటి పట్టి గోనెసంచిలో దాచింది. చేలో పిట్టల్ని తోలడానికి పనికొస్తుందని. నాలుగు రోజులకే సంచి నేత సందుల్లోంచి కారిపోయింది."

"అంటే, బిగుతు మూతున్నదాంట్లో పెట్టాలన్నమాట," అంది పిండిమిల్లు ఆవిడ.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు పాదరసం ఠక్కున.

ఆవిడ అతని వైపు చూసింది. అతను టైలరు వైపు చూశాడు. టైలరు కొట్లో ఉన్న తన ఇనప్పెట్టె వైపు చూసుకుని, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరి చాయ్ వాళ్ళే తెచ్చుకుని ఎవరి గుమ్మంలో వాళ్ళే తాగారు.

మర్నాడు మధ్యాహ్నానికి థర్మామీటరు నలభై అయిదు దాటింది. తారు రోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలడం లేదు. ఆ ఎండలో పాదరసం బావమరిది వచ్చాడు. అతను లైన్‌మన్. ఎండకి తీగలు సాగుతున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతున్నాయి, పొద్దస్తమానం స్తంభాల మీదే అతని కాపురం. వస్తూనే చెంబెడు నీళ్ళు ఎత్తిపట్టి తాగాడు.

"అక్కా, ఇవాళ్టి నుంచి మీ వీధి నాదే. ఇక్కడ చూసే అతనికి వడదెబ్బ తగిలింది. ఆ చివర మందుల షాపు పక్కన పెద్ద స్తంభం ఉంది చూడు, సాయంత్రం అదెక్కాలి."

అక్క చేతిలో గరిటె కూరలోకి జారిపోయింది.

"చూసుకుని ఎక్కరా," అన్నాడు పాదరసం. "మా వీధిలో మెరుపులే గానీ ఉరుముల్లేవు."

"అదేంటి బావా? ఉరుము లేకపోతే నేనెలా చచ్చేది? పైన తలెత్తి మబ్బు చూసే తీరికుంటుందా? చూపంతా తీగ మీదే. మొదటి ఉరుము వినబడగానే దిగిపోవాలి, అదే మా లెక్క."

"పట్టినవాణ్ణి సాయంత్రం లోపల పట్టిస్తాను," అని పాదరసం చొక్కా వేసుకున్నాడు.

"ఏవండీ, ఒక్కమాట..." అంది భార్య.

"వచ్చాక చెబుదువుగానిలే!"

అతను వెళ్ళిపోయాడు. తమ్ముడు తిన్నాననిపించి లేచాడు. ఆమె వంటింటి పై అరల వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

పాదరసం ముందు పిండిమిల్లు మీద పడ్డాడు. కరెంటు లేక మిల్లు ఆగి ఉంది.

"ఈ బెల్టు కింద ఏముంది?"

"పిండి."

"పిండి కింద?"

"ఇంకాస్త పిండి. చెయ్యి పెట్టి చూసుకోండి, మొహమాటమెందుకు?"

అతను నిజంగానే చెయ్యి పెట్టి చూశాడు! మోచేతి దాకా తెల్లగా అయి, అలాగే టైలరు దగ్గరికెళ్ళి ఇనప్పెట్టె తెరవమన్నాడు. టైలరు తెరిచాడు. లోపల ఎవరెవరో కుట్టించుకుని తీసుకెళ్ళని జాకెట్లు, ప్యాంట్లు.

"అయిపోయిందా సోదా?" అన్నాడు టైలరు. అతనికీ రోషం వచ్చింది. "గురువుగారూ, ఇన్నాళ్ళూ మర్యాద కోసం ఊరుకున్నాను. నా డాబా మీంచి మీ వంటింటి కిటికీ కనిపిస్తుంది. మెరిసినప్పుడల్లా అది తెరుచుకుంటోంది. కాసేపటికి మూసుకుంటోంది. ముందు మీ ఇల్లు సోదా చేసుకోండి."

పాదరసం గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చేటప్పుడు అతని నడక చూసినవాళ్ళెవరూ పలకరించలేదు.

ఇంట్లో భార్య దొడ్లో బట్టలు తీస్తోంది. పాదరసం వంటింట్లో నిలబడ్డాడు. అర డిగ్రీ పెరిగితే పసిగట్టే మనిషి, సొంత వంటిల్లు ఎప్పుడు చూశాడు గనక? పంచదార ప్లాస్టిక్ కవర్లో ఉంది, రబ్బరు బ్యాండు వేసి. పప్పులు కవర్లలో. కాఫీపొడి గ్లాసులో, దాని మీద సాసరు. మరి డబ్బాలేవి?

డబ్బాలన్నీ పై అరలో ఉన్నాయి. చిన్నవి, పెద్దవి, మూడు గిన్నెల క్యారేజీ, బియ్యం డబ్బా, ఆఖరికి కుక్కరు. అన్నిటికీ మూతల చుట్టూ గుడ్డ బిగించి ఉంది. పాదరసం ఒకదాని మీద అరచెయ్యి పెట్టాడు. నిద్రపోయే పిల్లి పొట్టలా అది సన్నగా అదురుతోంది.

"స్టీలువైతేనే నిలవుంటాయండీ," అంది వెనక నుంచి భార్య. చేతిలో బట్టల మోపు.

పాదరసం తిరిగాడు. "నువ్వా! వీధి వీధంతా అనుమానించి, పిండిలో చెయ్యి పెట్టి... ఎందుకే?"

"మన పెళ్ళయిన దగ్గర్నుంచీ, ఉరుము ఉరిమిన పూట మీరు పళ్ళెం ముందున్నది ఒక్కసారి చెప్పండి."

అతను చేతికంటిన పిండి చూసుకున్నాడు.

"నలుగురు చుట్టాలొచ్చినా అంతే. నాకు జ్వరమొచ్చి మీరే వండిన రోజూ అంతే. వడ్డించడం, మూత పెట్టడం. ఒక్క వేసవి ఉరుములు లేకుండా చేస్తే మోజు తీరుతుందేమో, నాతో కూర్చుంటారేమో అనుకున్నాను. మీరేమో ఉరుము రాకపోయినా మెరుపు వెంట పరిగెత్తుతూనే ఉన్నారు."

"పట్టడం ఎలా తెలిసింది నీకు?"

"నెత్తి మీద ముప్పై ఏళ్ళుగా లెక్కపెడుతుంటే రాదా మరి? ఉరుము వచ్చే అంకెకి ముందు మూత తియ్యాలి, రాగానే బిగించాలి. అంతే కదా."

అప్పుడు కిటికీ తెల్లబడింది. మెరుపు. ఇద్దరూ ఎవరూ చెప్పకుండానే లెక్కలో పడ్డారు. తొమ్మిది దగ్గర గూట్లో గ్లాసులో నీళ్ళు వణికాయి. ఉరుము కిటికీలోంచి చప్పుడు చెయ్యకుండా దూరి, పొయ్యి గట్టు కిందికెళ్ళి ముడుచుకుంది.

"మూడు కిలోమీటర్లు," అన్నాడు పాదరసం. "మళ్ళీ పట్టావా?"

ఆమె రెండు చేతులూ బట్టల మోపు మీదే ఉన్నాయి. "నేను పట్టలేదండీ. మధ్యాహ్నం తమ్ముడు చెప్పగానే మానేశాను. ఈ మాట చెబుదామనే పిలిచాను, మీరు ఆగారా? నేను పట్టకపోయినా అవే వచ్చేస్తున్నాయి. అలవాటు పడిపోయాయి."

ఇద్దరూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. వీధి చివర పెద్ద స్తంభం మీద తమ్ముడు. నడుముకి తాడు, చూపు తీగ మీద, వీపు మబ్బు వైపు. అతని వెనకాల ఆకాశం కాలిన పెనంలా ఉంది.

"ఒరేయ్! దిగరా!" పాదరసం గొంతు చించుకున్నాడు. ఎదురుగాలి ఆ కేకని తెచ్చి అతని మొహాన్నే కొట్టింది. స్తంభం పక్కన మందుల షాపు జనరేటరు డబడబలాడుతోంది. ఫోను చేస్తే స్తంభం కింద సంచిలో మోగి మోగి ఆగిపోయింది.

మళ్ళీ మెరుపు. గ్లాసులో నీళ్ళు ఐదుకే వణికాయి.

"పరిగెత్తినా అందుకోలేం," అన్నాడు పాదరసం.

ఆమె అప్పటికే స్టూలు ఎక్కింది. "పట్టుకోండి!" అంటూ డబ్బాలు ఒక్కోటీ కిందికి అందించింది. ఇద్దరూ కిటికీ గట్టు మీద వరసగా పేర్చారు. ఆమె గుడ్డలు విప్పుతుంటే అతను మూతలు పీకాడు. వేసవి మొదట్లో వచ్చిన చిన్న ఉరుము ముసలాయన దగ్గులా బయటికి పోయింది. క్యారేజీలోది మూడు విడతలుగా వెళ్ళింది. బియ్యం డబ్బాలోది దొర్లుకుంటూ పోయి వీధిలో గేట్లన్నీ ఊపేసింది. చివర్న కుక్కరు. ఆ మూత ఇద్దరూ కలిసి తిప్పితే గానీ రాలేదు. వచ్చాక మాత్రం, అబ్బో, ఏం చెప్పమంటారు! కిటికీ రెక్క ఊడి దొడ్లో పడింది. టైలరు గుడ్డపేలికలన్నీ ఒక్కసారే నిటారుగా నిలబడ్డాయి. పొయ్యి గట్టు కింద ముడుచుకున్నవి కూడా పెద్దవాళ్ళ వెంటపడే పిల్లల్లా వాటి వెనకే పరుగెత్తాయి.

స్తంభం మీద తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. వెనక్కి తిరిగి మబ్బు చూశాడు. తాడు విప్పేసి, స్తంభం మీద కాళ్ళు ఆనాయో లేదో అన్నట్టు జారి, మందుల షాపు మెట్లెక్కాడు. వీధంతా తెల్లబడింది. ఈసారి లెక్కపెట్టడానికి ఒకటి కూడా మిగల్లేదు. పిడుగు స్తంభం తలమీదే పడింది. పింగాణీ ముక్కలు షాపు షట్టరు మీద టపటపా రాలాయి.

ఆ తర్వాత వాన.

తడిసి ముద్దయి మొదట తమ్ముడొచ్చాడు. అక్క అతని చేతులూ మొహమూ తడిమి చూసి, తువ్వాలు నెత్తిన వేసి, "తుడుచుకో" అని మాత్రం అంది.

"ఒక్కటే ఉరిమితే ఇంకో బోల్టు బిగించి దిగుదామనుకునేవాణ్ణి అక్కా," అన్నాడతను. పళ్ళు టకటకలాడుతున్నాయి. "అన్ని ఒకేసారి వచ్చేసరికి చేతులు వాటంతట అవే వదిలేశాయి."

టైలరూ పిండిమిల్లు ఆవిడా గొడుగులో సగం సగం తడుస్తూ వచ్చారు. కిటికీ గట్టు మీద ఖాళీ డబ్బాలు చూశారు. ఆశ్చర్యపోలేదు.

"కుక్కర్లో కూడానా?" అన్నాడు టైలరు. "వాషరు పాడవదూ?"

"నా పిండి పాడుచేసి మరీ వెతికారు, అన్నయ్యగారూ," అంది పిండిమిల్లు ఆవిడ. "ఎంత ఎత్తున దాచిందో మా వదిన!"

పాదరసం తల వంచుకుని ఫోను తీశాడు. ఒక్క మెరుపు, వెంట ఇరవై పైచిలుకు ఉరుములు అని గ్రూపులో పెట్టాడు. మళ్ళీ నవ్వులు. ఒక్కడు నమ్మితే ఒట్టు. ఫోను జేబులో పెట్టేసి, చేతికున్న పిండి కడుక్కుని, తనే చాపలు పరిచాడు.

"కూర్చోండి అందరూ. నువ్వూ కూర్చో," అన్నాడు భార్యతో. "ఎవరిది వాళ్ళు వడ్డించుకుంటారు."

అయిదుగురూ కూర్చున్నారు. రెక్క లేని కిటికీలోంచి జల్లు లోపలికి కొడుతోంది, చల్లగా. అన్నం గిన్నె చేతులు మారింది. పాదరసం ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

కిటికీ బయట మెరిసింది.

అందరి చేతులూ ఆగాయి. బావమరిది, టైలరు, పిండిమిల్లు ఆవిడ, అందరూ పాదరసాన్నే చూస్తున్నారు. అతని పెదాలు కదులుతున్నాయి. భార్య అనుమానంగా ముందుకి వంగి, మూత కోసం చెయ్యి చాపి, అతని మొహంలోకి పట్టి చూసింది.

బయట, చాలా దూరంగా, ఉరుము ఉరిమింది.

అతను లెక్కపెట్టడం లేదు. నములుతున్నాడు.