సల్మా బండి దిగబడ్డ శుక్రవారం

సల్మా పికప్పు ఎక్కితే ఇసుక దిబ్బలే పక్కకు తప్పుకుంటాయని ఆ చుట్టుపక్కల డేరాల్లో అనుకునేవారు. ముప్పై ఏళ్ళుగా మేకలకు గడ్డీ, ఒంటెలకు నీళ్ళూ ఆ బండిలోనే మోసింది. నెలలు నిండిన కోడల్ని ఒకసారి గాలిదుమారంలో పట్నం ఆసుపత్రికి చేర్చింది కూడా. అంత చేసినా, దిబ్బలు చూడవచ్చే విదేశీ అతిథులను మాత్రం ఆమెకు అప్పగించేవాడు కాదు మేనల్లుడు ముబారక్. ఆ విడిది డేరాలు అతనివి మరి.

"అత్తా, మేకలు గడియారం చూడవు. అతిథులు చూస్తారు," అనేవాడు.

ఆ చలికాలం రుమ్యానా అనే బల్గేరియా ఆవిడ విడిదికి వచ్చింది. సూర్ రేవులో చేపల నిల్వగదులను చల్లబరిచే యంత్రాలు బాగుచెయ్యడం ఆమె పని. యాభై దాటినా రాతిగోడలాంటి మనిషి. పదేళ్ళుగా రేవు కూలీల మధ్య తిరిగి అరబ్బీ పట్టుకుంది, అందుకే తిట్లు ముందొచ్చాయి, మర్యాదలు తర్వాతొచ్చాయి. శుక్రవారం చీకటి పడి పడవలు వచ్చేలోగా యంత్రం నడిపించి అప్పగిస్తే ఈసారి ఒప్పుకున్న పని పూర్తవుతుంది. ఈలోగా ఎడారి చూస్తానంది, బండి తోలేది ఆడమనిషే కావాలంది. ముబారక్‌కు గత్యంతరం లేకపోయింది. శుక్రవారం పొద్దు వాలే అసర్ నమాజు వేళకి సూర్ నుంచి ఆమె కోసం కారు వస్తుంది, ఆలోగా ఆమెను తెచ్చి దింపితే ఈ ఏడాది ఆడ అతిథులంతా నీ బండిలోనే, లేకపోతే మళ్ళీ మేకలే అని సల్మాకు తేల్చి చెప్పాడు.

సల్మా బండి దగ్గరికి నడిచింది. కూర్చుని, ఇసుకలో కూరుకుపోకుండా నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించింది, ముఖం మీద నల్ల ముసుగు సర్దుకుంది, బయల్దేరింది.

ఆ పొద్దు ఎంత బాగా సాగిందని! బండి దిబ్బ నెత్తికెక్కి అవతలికి జారుతుంటే రుమ్యానా ముందు కళ్ళు మూసుకుంది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత మళ్ళీ ఎక్కించమంది. ఎత్తైన దిబ్బ మీద నుంచి దూరాన సముద్రం నీలం గీతలా కనిపిస్తే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆ పైన చెప్పులు చేత పట్టుకుని, పెద్దమనిషినన్న వెరపు లేకుండా, కూర్చున్నట్టే అడుగుదాకా జారింది. జేబుల నిండా ఇసుకే. ఖర్జూరాలు తింటూ, ఓడలోని యంత్రాలను కూడా నడిపానని, ఈ బండి తనకో లెక్కా అని అంది. సల్మాకు ముచ్చటేసింది. తాళం చేతికిచ్చింది.

ఇవ్వకూడనిది అదే. ఎక్కేటప్పుడు ఇసుకలో ఆగకూడదు. రుమ్యానా సగం ఎత్తున అలవాటు కొద్దీ బ్రేకు తొక్కింది. బండి పొట్ట దాకా దిగబడింది.

ఇద్దరూ చేతులతో తవ్వారు, చక్రాల కింద చాపలు పరిచారు. బండి కదల్లేదు. మధ్యాహ్నం దాటిపోయింది. అప్పుడొచ్చాడు పక్క డేరాల సుహైల్ ముసలాయన, తన పికప్పులో, వెనక ఇంత మోకు వేసుకుని. ఆయన దిగి సలాం చెప్పాడు. సల్మా చాప దులిపి పరిచింది, ఫ్లాస్కులో కాఫీ వంచింది.

"ఏం కబుర్లమ్మా?" అన్నాడు ముసలాయన.

"ఏమీ లేవు మామా, అంతా మంచే. మీవైపు?"

"మంచే, మంచే."

రుమ్యానాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమీ లేవా? బండి పాతిపెట్టుకుని కూర్చున్నాం, కనబడ్డం లేదా ఆయనకి?"

"కనబడుతోంది చెల్లీ. కూర్చో."

"నా పడవలు కూర్చోవు!"

సల్మాకు మాత్రం లోపల గుబులు లేదా? దిబ్బ నీడ చాప అంచుదాకా వచ్చేసింది. ఆ నీడతోపాటే ఈ ఏడాది పనీ జారిపోతోంది. అయినా ఎదురైన మనిషి గొంతు తడవకుండా మన కష్టం ఆయన నెత్తిన పడెయ్యడం ఆ ఇసుకలో ఎవరూ చెయ్యరు. చావు కబురైనా ముందు మంచే అంటారు. మూడు గుక్కల చిన్న కప్పు అది. ఆయన రెండోది కూడా తాగి, కప్పు అటూ ఇటూ ఊపి చాలన్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

సల్మా అంతా చెప్పింది. పల్లపు దారిన తిరిగి వెళ్తే అసర్‌కి అందుకుంటానని కూడా చెప్పింది.

"పల్లపు దారి లేదమ్మా. రాత్రి గాలి పూడ్చేసింది. నేనూ అక్కణ్ణుంచే వెనక్కి తిరిగొస్తున్నాను. దిబ్బ వీపు మీదుగానే పోవాలి, గుండె ఉంటే."

"గుండెకేం మామా, ఉంది," అంది సల్మా.

ముసలాయన మోకు కట్టి ఒక్క లాగుడులో బండిని పైకి తీశాడు. రుమ్యానా ఆయన చేతులు పట్టుకుని, తనకొచ్చిన మర్యాద మాటలన్నీ ఒకేసారి గుమ్మరించింది.

దిబ్బ వీపు మీద బండి ఒక్కటి పట్టేంత వెడల్పు. కుడిపక్క లోయ, ఎడంపక్క లోయ. సల్మా వేగం తగ్గించలేదు, పెంచలేదు. రుమ్యానా తలుపు పిడి పట్టుకుని, ఈసారి కళ్ళు తెరిచే ఉంది. విడిది చేరేసరికి అసర్ పిలుపు ఇంకా గాలిలోనే ఉంది. సూర్ కారు బయట ఆగి ఉంది. ముబారక్ బండి చుట్టూ తిరిగి, పొట్ట కింద అంటుకున్న ఇసుక చూశాడు.

"దిగబడిందా?"

"నేనే దింపాను, బ్రేకు తొక్కాను," అంది రుమ్యానా ముందుకొచ్చి.

"తాళం ఇచ్చింది నేను," అంది సల్మా. "తప్పు నాదే. అతిథి మీద వెయ్యకు."

ముబారక్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రుమ్యానా సల్మాను గట్టిగా కావలించుకుని, యంత్రం సరిగ్గా నడిచిందో లేదో ఫోన్ చేసి చెప్తానని కారెక్కింది. కారు మలుపు దాటాక అతను సల్మా దగ్గరికొచ్చాడు.

"ఆదివారం అయిదుగురు ఫ్రెంచి ఆడవాళ్ళు వస్తున్నారత్తా. వాళ్ళలో ఎవరికీ తాళం ఇవ్వనని మాటిస్తావా?"

"దిబ్బల మీద ఇవ్వను," అంది సల్మా. "చదును మీద అడిగితే అప్పుడు చూద్దాం."

అతను నవ్వు ఆపుకుంటుండగానే ఆమె టైర్లకు గాలి కొట్టడానికి పంపు తీసింది.