నగెట్ మీద మోపిన నేరం

ఎన్ని గొర్రెలున్నా క్లారీ ప్రాణమంతా రెండింటి మీదే: ఒకటి ముప్ఫై ఏళ్ల పికప్ బండి, రెండోది దాని వెనక తొట్టిలో ఊరేగే కుక్క నగెట్. ఇప్పుడా రెంటికీ తగవు వచ్చిపడింది. వెనక ఎడమ చక్రం రిమ్ముకు క్లారీ చేతులారా వేసిన తెల్లరంగు నెల తిరక్కుండానే పొక్కులొచ్చి ఊడింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఊడింది. అక్కడెప్పుడు చూసినా తడే. నగెట్ కాలెత్తడం కళ్లారా చూశాడు కూడా. తిట్టాడు, గొలుసుతో కట్టేశాడు. చివరికి ఒళ్లు మండి, కుక్కను శనివారం వచ్చి తీసుకుపొమ్మని పక్క ఫారం డగ్గన్‌కు మాటిచ్చాడు. ఆ రోజు నుంచి మనిషికి తిండి సయించడం లేదు. కానీ నోటి మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ వంశంలోనే లేదు.

శుక్రవారం పొద్దున అతని భార్య నోరీన్ ఊళ్లో గుడ్లు ఇచ్చొచ్చి బండి దిగింది. తండ్రి మెకానిక్ షెడ్డులో పెరిగిన మనిషి.

"కొండ మలుపులో బ్రేక్ పెడల్ నేలకి అంటుకుపోయింది క్లారీ. మూడుసార్లు తొక్కితే గానీ ఆగలేదు."

"పాత బండి కదా, బ్రేక్ ఆయిల్ తాగుద్ది. మొన్నేగా పోశాను."

"తాగి ఎక్కడ దాచుకుంటుందీ? నీకున్నట్టు పొట్ట లేదుగా దానికి." ఆమె చక్రం దగ్గర గొంతుక్కూచుంది. "ఈ తడేంటి?"

"ఇంకేముంది, నగెట్ గాడి నిర్వాకం."

"వాణ్ని కట్టేసి ఎన్నాళ్లయింది?"

"ఇరవై రోజులు."

"అయితే ఇరవై రోజులుగా అక్కణ్ణించే ఇంతదూరం పోస్తున్నాడా?"

నోరీన్ ఆ తడిని వేళ్ల మధ్య రుద్ది క్లారీ చేతికి రాసింది. జారుతోంది. ఎండకి ఆరలేదు. జాకీ పెట్టి చక్రం, డ్రమ్ము విప్పితే సంగతి బయటపడింది: లోపలి బ్రేక్ సిలిండర్ రబ్బరు చిరిగి బ్రేక్ ఆయిల్ కారుతోంది.

"రంగు తినేసింది ఇదీ. కుక్క కాదు ముసలాడా."

క్లారీ ముందు డగ్గన్‌కు ఫోన్ చేశాడు. "మాట తప్పుతున్నానయ్యా," అని పెట్టేశాడు. తర్వాత నగెట్ గొలుసు విప్పి, వాడి మెడ పట్టుకుని కూర్చున్నాడు. "తప్పు నాదేరా," అన్నాడు.

శనివారం కొత్త సిలిండర్ బిగించి, బ్రేకులు గట్టిపడ్డాక, నగెట్‌ను తనే చక్రం దగ్గరికి తీసుకెళ్లాడు. "పర్లేదు, పోసుకోరా." నగెట్ అతని మొహం చూసి, తోక ముడిచి, దూరంగా కంచె గుంజ దగ్గరికి పోయింది. ఆ రోజంతా క్లారీ దాని వైపు సరిగా చూడలేకపోయాడు.

ఆదివారం పొద్దున ఎడమ చక్రం తడిగా ఉంది. కొత్త రబ్బరు కూడా పోయిందా అని క్లారీ పై ప్రాణాలు పైనే పోయాయి. వంగి, వేలు ముంచి, రుద్ది చూశాడు. జారలేదు. వాసన చూశాడు.

"నోరీన్," అని పిలిచాడు, మొహమంతా నవ్వుతో. "ఇది మనవాడిదే."

"సంతోషం. చెయ్యి కడుక్కుని రా, టీ చల్లారిపోతోంది."