చెవి కోయని మంద

గొర్రెపిల్ల చెవికి గుర్తు పెట్టాలంటే ఇద్దరు మనుషులుండాలి. ఒకరు పిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తల కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు కత్తి పెడతారు. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. మా వైపు కురుబోళ్ళలో ఇంటికొక గుర్తు. ఒకరిది కుడిచెవి ఏటవాలు కోత, ఇంకొకరిది రెండు గాట్లు. ఊరి మందలన్నీ ఒకే బీడులో కలిసి మేసినా, పొద్దుగూకే వేళకు ఎవరి గొర్రె వాళ్ళ దొడ్డికి చేరేది ఆ గుర్తు పుణ్యమే.

చింతలబావి కరెన్న ఇంటి గుర్తు ఎడమచెవి కొనకు చీలిక. పట్టుకునేది పెండ్లాం హంపమ్మ, కోసేది కరెన్న. కత్తి తగలకముందే హంపమ్మ "అబ్బా!" అనేది.

"నీకేమైందే, కోసేది దాని చెవి గదా!"

"అది అరిచేలోగా నేనరిస్తే దానికి కొంచెం నొప్పి తగ్గుతాది. నీకేం తెలుసు, కోయి."

హంపమ్మ పోయినాక కరెన్న ఏ పిల్ల చెవీ కోయలేదు.

ఆమె పోయింది వానల ఏడు. డోన్ చుట్టుపక్కల అట్లాంటి వానలు ముసలోళ్ళు కూడా ఎరగరు. చెరువు నిండి, నీళ్ళు వెనక్కి తగ్గినాక అంచుల్లో మోకాలెత్తు గడ్డి లేచింది. ఎండుపోచకు అలవాటుపడిన గొర్రెలు పండగ చేసుకున్నాయి. ఆ పండగ వెనకాలే నట్టలు పడినాయి. కడుపులో పురుగులు రక్తం తాగేస్తే గొర్రె దవడ కింద నీటిసంచి వేలాడతాది. కంటిరెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం కొట్టినట్టుంటాది. నిలబడినవి నిలబడినట్టే కూలిపోయినాయి. అదే నెలలో ఊళ్ళో వాంతిబేదులు. పొద్దున చెరువు నుంచి కడవెత్తుకొచ్చిన హంపమ్మ మర్నాడు లేదు.

కరెన్న మనసులో రెండు చావులూ ఒకటైపోయినాయి. ఆ తడి చంపింది. ఆ గడ్డిమీద పెంట వేసిన పరాయి మందలు చంపినాయి. మిగిలిన కాసిని గొర్రెలను తోలుకుని నక్కలగుట్ట ఎక్కినాడు. ముందు నడిచింది చుక్కది. నొసట తెల్లచుక్క ఉండే ఆ గొర్రెను, తల్లి చస్తే, హంపమ్మ మేకపాలు తాపి ఒళ్ళో పెట్టుకుని సాకింది. అప్పటికి ఏడాది పిల్ల. నట్టల్లో అదీ పడింది, దవడ కింద సంచీ దిగింది. రేపో మాపో అనుకుంటే లేచి కూచుంది. ఎట్ల లేచిందో కరెన్న ఆలోచించలేదు. హంపమ్మ చేతి చలవ అనుకున్నాడు.

గుట్టమీద ఒక నీటిబుగ్గ, రాళ్ళ దొడ్డి, బోదగడ్డి గుడిసె. మేపు ఎండుపోచ, తుమ్మకాయ, రేగాకు. ఏండ్లు గడిచినాయి, మంద పెరిగింది. చేన్లో ఎరువుకు రాత్రిళ్ళు మంద ఆపితే జొన్నలిస్తామని రైతులు కబురు పెట్టినా దిగలేదు. చెవులు కోసే పనీ లేకపోయింది. పక్కన ఇంకొకడి గొర్రె ఉంటే గదా ఇది నాదని చెప్పుకునేది.

పలకరించే దిక్కులేక, సంకటి తింటా "ఉప్పు తక్కువైందే" అని చుక్కదానితో అనేవాడు. అది నెమరేస్తా చూసేది. సాయంత్రం గాలి మళ్ళితే డోన్ వైపు నుంచి రైలు కూత వచ్చేది. అది ఆగినాక గుట్ట ఇంకా పెద్దదైనట్టుండేది.

ఎక్కి వచ్చే మనిషి కసాయి ఖాసిం సాహెబ్ ఒక్కడే. పొట్టేలు కొనడానికి వచ్చి మందంతా కలయజూసి నవ్వేవాడు. "నీ గొర్రెలు నవాబుగారి ఇంటి ఆడోళ్ళ మాదిరి ఉండాయి కరెన్నా. తళతళ మెరుస్తాండాయి. బయటి గాలే తగల్లేదు."

"తగలనీను సాహెబూ."

"ఎన్నాళ్ళప్పా?"

కరెన్న పొట్టేలు తాడు అతని చేతికిచ్చినాడు.

డోన్ స్టేషన్లో జనం జర్మనీ యుద్ధం గురించి చెప్పుకుంటున్న ఏడు వాన మొహం చాటేసింది. బుగ్గ ఎండింది. చెరువులో మిగిలిన మడుగు తప్ప చుట్టుపక్కల గొర్రె నాలుక తడిసే చోటు లేదు. ఊరి మందలన్నీ ఆడనే. కరెన్న తలవంచుకుని దిగినాడు.

మడుగు దగ్గర తన మందతో ఉన్న భీమమ్మ, హంపమ్మకు పిన్నమ్మ, గొంగడి సర్దుకుంటా లేచింది. "దిగినావా అల్లుడా? గుట్ట తరిమిందా, నువ్వే ఇడిసిపెట్టినావా?"

"నీళ్ళకొచ్చినా అత్తా. వాన పడితే పోతా."

"పో. నిన్ను కట్టేసే తాడు ఈ ఊర్లో ఎవురు పేనినారు?"

నాలుగు రోజులు జనం అతని గొర్రెలను చూడటానికే వచ్చినారు. ఊరి గొర్రెలు వాటి పక్కన బొంతల మాదిరి కనిపించినాయి. అంతలో ఆలస్యంగా వానలు పడినాయి. గుట్ట ఇంకా బూడిదరంగులోనే ఉంది గానీ, చెరువంచున మాత్రం పచ్చగడ్డి లేచింది. ఆకలిగొన్న మందను కరెన్న ఆపలేకపోయినాడు. కొన్నాళ్ళకే గొర్రెలు వెనకబడటం మొదలుపెట్టినాయి. పిల్లలు ముందు, తర్వాత కోడె పొట్టేళ్ళు. దవడల కింద అవే సంచులు. ఊరి బొంతగొర్రెలు మాత్రం అదే గడ్డి కొరుక్కుంటా తిరుగుతాండాయి.

దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి నిప్పులో వేసినాడు. ఫలితం లేకపోయేసరికి భీమమ్మ మీదికి పోయినాడు. "మీ మందలు తెచ్చిన పాపమిది! మీరు ఏదో పెట్టినారు!"

"మేమేం పెట్టినామబ్బీ? మా గొర్రెలు అదే గడ్డి తిన్నాయి, మన్ను తినలేదు!" అనింది భీమమ్మ. అని, మొహం తిప్పుకుంది.

ఆ పొద్దే ఒక పొట్టేలు చచ్చింది. ఖాసిం సాహెబ్ తుమ్మచెట్టు కింద దాని కడుపు కోసి, లోపలి పొరను అరచేతిలో పరిచినాడు. ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు సన్నటి పురుగులు, గుత్తులు గుత్తులుగా మెదులుతాండాయి.

"చూసినావా? ఇప్పుడు ఇది చూడు." పొద్దున అంగట్లో కోసిన భీమమ్మ గొర్రె కడుపు గంపలోనే ఉంది. అదీ పరిచినాడు. వెతికితే అక్కడొకటి, ఇక్కడొకటి.

"అదే గడ్డి గదా సాహెబూ!" అన్నాడు కరెన్న.

"అదే గడ్డి, అవే పురుగులు. గొర్రె వేరు. ఊరి గొర్రెలు పిల్లప్పటి నుంచి నట్టలతో కాపరం చేస్తాండాయి. అత్త దగ్గర తన్నులు తినీ తినీ కోడలు రాటుదేలదా? అట్లే. మొదటేడు చచ్చేవి చస్తాయి. బతికినదాని ఒళ్ళు పని నేర్చుకుంటాది. మళ్ళొచ్చిన పురుగును కడుపు కుదురుకోనీదు, తోసేస్తాది. నీవి ఎప్పుడన్నా దెబ్బ తిన్నాయా? ముప్పై ఏండ్లుగా కడుపులు కోస్తాండా కరెన్నా, ఎండలో పెరిగినోళ్ళకూ నీడలో పెరిగినోళ్ళకూ లోపల తేడా కనిపిస్తాది."

కరెన్న మందవైపు చూసినాడు. కూలబడిన వాటి మధ్య ఒక్క చుక్కదే కడుపుతో, నింపాదిగా మేస్తాండాది. వానల ఏడు దెబ్బ తిని లేచింది అదొక్కటే. దానితో గుట్టెక్కినవన్నీ ముసలివై ఎప్పుడో పోయినాయి. తక్కినవన్నీ గుట్టమీదే పుట్టినవి, అతను దాచి పెట్టినవి.

ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, తనకు తానే తట్టింది. అట్లే నేలమీద కూచుండిపోయినాడు.

సాహెబ్ చెప్పినట్టు మైలుతుత్తం నీళ్ళలో కరిగించి, పడినవాటికి వెదురుగొట్టంతో తాపినాడు. సగం దక్కినాయి. సగం పోయినాయి. అంతలో గుట్ట పచ్చబడింది, బుగ్గలో నీళ్ళూరినాయని ఎవరో చెప్పినారు. మళ్ళా పైకి పోదామని కరెన్న గుట్టమీది గుడిసెకు కావలసిన ఉప్పు మూట కట్టుకున్నాడు.

ఆ వారమే చుక్కది ఈనింది. ఈనిన కొన్నాళ్ళకే దాని దవడ కింద కూడా సంచి దిగింది. రెప్ప తిప్పి చూస్తే తెలుపు. హంపమ్మ ఒళ్ళో పెరిగినది ఈ లోకంలో అదొక్కటే మిగిలింది. కరెన్న దాన్ని భుజానికెత్తుకుని, పిల్లను చంకలో ఇరికించుకుని గుట్టదారి పట్టినాడు.

భీమమ్మ అడ్డం వచ్చింది. ఆమె కోపం ఇంకా పోలేదు, అయినా వచ్చింది. "దించు."

"తుత్తం నీళ్ళు తాపినా ఇది బతకదత్తా. పైన గాలికన్నా..."

"పచ్చి బాలింతకు తుత్తం తాపితే పాలు చెడతాయి, తాపొద్దు. ఈనిన కొత్తల్లో ఏ గొర్రెకైనా ఒంట్లో కాపలా కునుకు తీస్తాది. బలమంతా పాలకు పోతాది గదా. ఇది పాత కాపలాదారు, మళ్ళా లేస్తాది. ఇప్పుడు పైకి తోలుకుపోతివా, ఆ సంకలో ఉండే పిల్ల కూడా ఏమీ తెలీకుండానే పెరుగుతాది. మళ్ళా బుగ్గ ఎండితే?"

"లేవకపోతే?"

"లేవకపోతే నువ్వు పో. మళ్ళా దిగొద్దు. నేనూ పిలవను."

కరెన్న చుక్కదాన్ని దించినాడు. తుమ్మచెట్టు కింద దాని పక్కనే గొంగడి పరుచుకున్నాడు. ఊరి మందలు పోతాండాయి, వస్తాండాయి. పక్క దొడ్ల నుంచి మాటలు, నవ్వులు వినిపించేవి. గుట్టమీద లేని నవ్వులు ఇక్కడ ఉన్నాయి గానీ వాటిలో అతని పేరు లేదు. జనం మధ్య కూచున్న ఒంటరితనం గుట్టమీదిదాని కంటే బరువుగా ఉంది. మాటిమాటికీ ఉప్పు మూట వైపు చూసేవాడు. చుక్కదాని నోటికి రేగాకు అందిస్తే ఒకటి నమిలి రెండోది వదిలేసేది. పిల్ల మాత్రం పొదుగు కుమ్ముతానే ఉండేది.

పౌర్ణమి పోయి మళ్ళా వెన్నెల ముదిరింది. ఒక తెల్లారి చుక్కది లేచి, ఒళ్ళు దులుపుకుని, కరెన్న తలకింది మూట కొరికి ఉప్పు నాకింది. దవడ కింద తడిమినాడు. సంచి పల్చబడి వదులు తోలు చేతికొచ్చింది. రెప్ప తిప్పినాడు. లేత ఎరుపు.

చాలాసేపు దాని మెడమీద చెయ్యి వేసి కూచున్నాడు. తర్వాత మొలలో కత్తి తీసి రాతిమీద నూరినాడు.

పిల్లను మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కడే కోయబోయినాడు. తల పట్టుకుంటే చెవి జారుతాది, చెవి పట్టుకుంటే తల తిరుగుతాది. మూడోసారి కత్తి తన బొటనవేలికే తగిలింది. రక్తం చప్పరిస్తా, పిల్లను చంకలో వేసుకుని భీమమ్మ దొడ్డి దగ్గరికి నడిచినాడు. దడి అవతలే నిలబడినాడు.

భీమమ్మే తలెత్తింది. కత్తి చూసింది, పిల్లను చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇట్లియ్యి."

ఆమె పట్టు మొరటుది. పిల్ల కిక్కురుమనలేదు. కరెన్న దాని ఎడమచెవి కొన పట్టుకుని ఒక్క క్షణం ఆగినాడు. ఎవరూ "అబ్బా" అనలేదు.

"ఏందబ్బీ, చూస్తాండావు? కోయి."

కోసినాడు. పిల్ల విదిలించుకుని ఊరి మందలోకి దూరిపోయింది. వాడిపోయిన కరెన్న గొర్రెలన్నీ ఇప్పుడు ఊరి గొర్రెల మాదిరే బొంతలు, ఏది ఎవరిదో తెలియడం లేదు. అన్ని చెవుల మధ్య కొత్తగా రక్తం చిమ్మిన ఆ చిన్న చీలిక కోసం అతను కళ్ళు చికిలించుకుని వెతుక్కుంటా నిలబడినాడు.