నాలుగు వందల పంతొమ్మిదో పాట

తడిగుడ్డతో ఏడు అంకె పలకను తుడిచి, పెట్టెలోంచి ఆరును తీశాడు బుగ్గయ్య. అరచేతిలో ఇమిడే టేకు పలకలవి. తెల్లరంగు అంకెలు అంచుల దగ్గర పెచ్చులూడాయి. తొమ్మిది ఎప్పుడో పోయింది. అది కావలసినప్పుడు ఆరునే తలకిందులుగా తగిలిస్తాడు. ఆరు అడుగున ఒలికిన తెల్లరంగు చుక్క అప్పుడు తొమ్మిది నెత్తిమీదికి వస్తుంది.

నారాయణగూడ సందులోని ఆ చిన్న చర్చిలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఆదివారం పొద్దున అతని పని ఇదే. పాస్టర్ అయ్యగారు చీటీలో రాసిచ్చిన పాటల నంబర్లను బోర్డు మేకులకు తగిలించాలి. ఆరాధన అయ్యాక తీసి పెట్టెలో సర్దాలి. ఏ పాటా అతను ఎంచింది కాదు.

ఈవేళ చీటీలో మూడే నంబర్లున్నాయి. నాలుగో వరుసలో 'బుగ్గయ్య ఇష్టం' అని ఉంది.

వచ్చే వారం నుంచి పాటలు తెరమీద పడతాయి. బోర్డుకు ఇదే ఆఖరు రోజు. అందుకని పాస్టర్ జగన్మోహన్ గారు బుధవారం కూడికలో, చివరి పాట బుగ్గయ్యే ఎంచాలని అందరి ముందూ చెప్పారు. అప్పటినుంచి డెబ్బైరెండేళ్ల ఆ మనిషికి కాలు నిలవలేదు. చిక్కడపల్లి గదిలో గిన్నెలు తోముతున్నా పాటే, రోడ్డు దాటుతున్నా పాటే. ఆటో అతను తిడితే దండం పెట్టి నవ్వాడు.

నాలుగో పాట అంకెలు తగిలించి, ఆ వరుస మీద తువ్వాలు కప్పి వరండాలోకి వచ్చాడు. మెట్ల మీద భవ్య చదువుకుంటోంది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు తయారవుతున్న పిల్ల. చర్చికి కాదు, ఇక్కడి నిశ్శబ్దానికి వస్తుంది.

"ఏ పాట పెట్టినవ్ తాతా?"

"చెప్ప."

"మా పరీక్ష పేపర్లు గూడ గింత భద్రంగ దాస్తలేరు."

బుగ్గయ్య నోరంతా తెరిచి నవ్వాడు.

"ముప్పై ఎనిమిదేండ్లు గీ అంకెలే గదా. బోర్ కొట్టలేదా?"

"ఎందుకు కొట్టది బిడ్డా. నాకు యాభై ఏండ్లున్నప్పుడు దేవుని మీద అలిగి రెండు నెలలు రానేలే. ఆయనే పిలుస్తడేమోనని చూసిన. పిలువలే. ఆఖరికి నేనే సిగ్గిడిసి వచ్చిన. వచ్చి చూస్తే బోర్డు మీద నేను పెట్టిపోయిన నంబర్లే ఉన్నయి. ఎవ్వరు ముట్టలే." తువ్వాలు లేని భుజాన్ని తడుముకున్నాడు. "ఇప్పుడు బోర్ గాదు, బుగులు. మోకాళ్లు వంగుతలెవ్వు, కూసొనే ప్రార్థన చేస్తున్న. ఇంత దూరం వచ్చి ఆఖర్ల చెయ్యి జారుతదేమోనని."

ఈవేళ అతనికి ఇంకో భయం కూడా ఉంది. ఆ పాట రాగం ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ దాని నంబరు బోర్డెక్కలేదు. జోగిపేట దగ్గర వరినాట్లు వేస్తూ అతని తల్లి పాడేది. తాను ఎత్తుకోకపోతే పాట అక్కడే పడిపోతుంది. తానేమో ఎన్నడూ గొంతెత్తి పాడిన మనిషి కాదు.

మూడు పాటలూ అయ్యాయి. ప్రసంగమూ అయింది. బుగ్గయ్య వెళ్లి తువ్వాలు లాగాడు. నాలుగు, ఒకటి, తొమ్మిది. పాటల పుస్తకాల పేజీలు రెపరెపలాడాయి. తర్వాత గుసగుసలు.

"అయ్యగారూ, దీని ట్యూన్ తెల్వది," అన్నాడు కీబోర్డు దగ్గరి రాజీవ్.

అందరూ బుగ్గయ్య వైపు తిరిగారు. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని అతను ఎత్తుకున్నాడు. మొదటి చరణంలోనే గొంతు చీలింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఆగలేదు, కళ్లు మూసుకుని మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. నాట్ల దరువు అది, ఒంగి లేచే నడుముల దరువు. ముందు తబలా దాన్ని పట్టుకుంది. ఆడవాళ్ల చప్పట్లు కలిశాయి. మూడో చరణానికి రాజీవ్ వేళ్లకు దారి దొరికింది, పిల్లలు బెంచీల మీదికి ఎక్కారు, కిటికీ బయట భవ్య పుస్తకం మూసేసింది. పాట అయిపోతే ఎవరూ కూర్చోలేదు. మళ్లీ పాడారు.

"ఇంత పాటను ఎక్కడ దాచినవ్ బుగ్గయ్యా?" అన్నారు అయ్యగారు అతని చేతులు పట్టుకుని.

"నేనేడ దాచిన అయ్యగారూ. పుస్తకంలనే ఉండె."

జనం వెళ్లారు. అయ్యగారు నంబర్లు తీయమని గుర్తు చేశారు.

"జరసేపు ఉండనియ్యుండ్రి. తీస్త," అని, అంకెల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు.

మూడు గంటలకు భవ్య ఆ పాట రాసుకుందామని నోటుపుస్తకంతో వచ్చింది. బుగ్గయ్య గోడకు తల ఆనించి ఉన్నాడు. ఇంకో చరణం అందుకోబోతున్నట్టు పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి. చెయ్యి ముట్టుకుంది. చల్లగా ఉంది. ఆమె నోటుపుస్తకం అతని పక్కన బెంచీ మీద పెట్టి, అయ్యగారిని పిలవడానికి వెళ్లింది.

ఒళ్లో పెట్టె తెరిచే ఉంది. ఎదురుగా బోర్డు మీద నాలుగు, ఒకటి, వాటి పక్కన నెత్తిన తెల్లచుక్కతో తలకిందులుగా వేలాడుతున్న ఆరు.