చేతికి దిగిన కోపం

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించేవాళ్లు కారు, ఆవిడకి కోపం తెప్పించేవాళ్లు. పొయ్యి కంటే చవక, పైగా పొగ కూడా ఉండదు.

ఆవిడది ఇస్త్రీ కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు. వీధిలోకి షట్టరు, లోపల పొడుగు బల్ల, దాని మీద మడతలేసి పరిచిన దుప్పటి, ఆ మీద ఇనుప ఇస్త్రీపెట్టె. పెట్టెలో బొగ్గులుండవు, వెనక వైరుండదు. ఆవిడ చెయ్యి వేసిందంటే అదే కాగేది. "అరిచిన కోపం గాలికి పోతుంది, మింగిన కోపం చేతికి దిగుతుంది" అని పెళ్లైన కొత్తలో అత్తగారు చెప్పింది. చెప్పి, తన పెట్టె కోడలికి అప్పగించి, పోయేదాకా హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. "ఇవాళ ఆవిడ మొహం గంటు పెట్టుకుని ఉంది, కోట్లూ చొక్కాలూ ఇచ్చేసి రా, బాగా వస్తాయి" అనుకునేవాళ్లు.

కోపం తెప్పించడంలో ఎవరి పద్ధతి వాళ్లది. కొడుక్కి మీసాలొచ్చాయి గానీ బుద్ధి రాలేదు. స్నానానికి వేడినీళ్లు కావాలంటే, "అమ్మా, ఆ కూరేంటి, గోడకేసి కొడితే అతుక్కునేలా ఉంది" అని, బకెట్టు తెచ్చి ఆవిడ పక్కన పెట్టేవాడు. ఆవిడ గుటక మింగి నీళ్లలో చెయ్యి ముంచేది. భర్త దగ్గర అంతకంటే గట్టి సరుకుండేది. హోటలు యూనిఫాంల మూటలు ఎక్కువొచ్చిన రోజు టీ తాగుతూ ఆవిడ పుట్టింటి ఊసెత్తేవాడు. "మీ తమ్ముడున్నాడే, వాడు మనిషేనా అసలు" అని మొదలుపెట్టి, పెట్టె ఎర్రబడే వేళకి ఆపేసి, చెప్పులేసుకుని డెలివరీ వ్యాన్ ఎక్కేవాడు. ఆయనకి ఆ తమ్ముడి మీద కోపమేం లేదు. పొయ్యిలో కట్టె ఎగదోసినట్టు, ఎంత కావాలో చూసుకుని అంతే అనేవాడు. ప్రతి పనికీ ముందే వేళ కట్టేసే మనిషని వీధిలో ఆయన్ని టైంటేబుల్ అని పిలిచేవాళ్లు.

ఎంత సిగ్గుమాలిన పనో చూడండి. మంట ఆవిడది, వెచ్చదనం వాళ్లది. ఒక్కళ్లకీ ముద్ద గొంతుకి అడ్డం పడలేదు.

ఇంటిల్లిపాదీ కలిసి సెలవుల్లో ఎక్కడికైనా వెళ్దామన్న మాట కూతురిది. దాన్ని అందరూ చిన్నది అంటారు. పదిహేనేళ్లు నిండాయి, స్కూలు నాటకాలకి లైట్లు వేస్తుంది. ఎడారి నడుమ వినోదాల కోసమే కట్టిన ఊరొకటుంది కదా, అక్కడ ఒక థియేటర్లో స్టేజీ చూస్తుండగానే మడుగైపోతుందట. మనుషులు పైకప్పు నుంచి అందులోకి దూకుతారట, లైట్లు నీళ్ల అడుగు నుంచి వస్తాయట. నీళ్లలో లైట్లు ఎలా పెట్టారో దానికి తన కళ్లతో చూడాలి. అన్నం తింటూ అదే మాట, జడ వేసుకుంటూ అదే మాట.

ఏర్పాట్లన్నీ అదే చూసింది. ఆ ఊళ్లో సగం జూదశాలలు, పిల్లల్ని అక్కడ నిలబడనివ్వరు, తివాచీ మీద దారి వెంట నడిచి పోవాల్సిందే. అందుకని పిల్లల్ని ఎక్కడ రానిస్తారో, ఎక్కడ రానివ్వరో వెతికి పట్టుకుంది. అన్నకి మేడ మీద తిరిగే రంగులరాట్నం, నాన్నకి రోజూ సాయంత్రం పాటకి ఎగిరే ఫౌంటెన్లు. మధ్యాహ్నం ఎండకి బయట కాలు పెట్టలేం కాబట్టి ఆ వేళకి ఈతకొలను. దిగడానికి మధ్యలో తలుపున్న రెండు గదులు. "నా కూతురనిపించుకున్నావే" అని టైంటేబుల్ మురిసిపోయాడు.

"మరి కొట్టో?" అన్నాడు కొడుకు.

ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం వాళ్లకి తోచలేదు.

"వారం మూస్తే హోటలు వాళ్లు ఇంకో కొట్టు చూసుకుంటారు" అన్నాడు టైంటేబుల్. "అమ్మ ఉంటుందిలే. అమ్మకి ఆ ఎండ పడదు కూడా."

"నేనుంటాలెండి" అంది ఆవిడ. అని, లేచి వెళ్లి మూటలో ఉన్న చొక్కాలన్నీ ఏకబిగిన ఇస్త్రీ చేసి పడేసింది. వాటి మడతలు తగిలితే వేలు తెగేలా ఉన్నాయి.

చిన్నది మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "అమ్మ లేకుండా ఎలా వెళ్తాం నాన్నా?" అంది.

"ఎవరో ఒకరు ఉండాలా వద్దా? పెద్దవాళ్ల మాటల్లో దూరకు."

అది ఇంకేదో అనబోయింది. నోరు తెరిచి మూసేసుకుంది. పుట్టిన దగ్గర్నుంచి అమ్మని చూస్తోంది, ఆ విద్య వేరే నేర్పాలా? గుటక మింగింది. దాని చేతిలో గ్లాసుంది. గ్లాసులో నీళ్లు పొగలు కక్కాయి.

ఆవిడ వాకిలి దగ్గర నిలబడి చూసింది.

టైంటేబుల్ కూడా చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఓరి, దీనికీ వచ్చేసిందే" అన్నాడు. "ఇంకేం, బెంగ తీరింది. నువ్వు కూడా రావచ్చే. చిన్నది కొట్టు చూసుకుంటుంది, తోడుకి దర్జీ వాళ్లమ్మాయి వచ్చి పడుకుంటుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వెళ్తుంది, దానికేం వయసైపోయిందా? ఇన్నేళ్లకి నీకు సెలవు దొరికింది, సంతోషించు."

సిగ్గుచేటైన మాటొకటి చెప్పాలి. ఒక్క క్షణం ఆవిడ సంతోషించింది. ఈతకొలను కళ్లముందు మెదిలింది, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం, ఎవరూ ఏమీ అనకపోవడం. ఒక్క క్షణమే. ఆ తర్వాత కూతురి మొహం కనబడింది. దాని ప్రయాణం, దాని థియేటరు, అది వెతికి పెట్టిన గదులు. అన్నీ దానివే, వెళ్లేవాళ్లు మాత్రం వేరే. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

మండితే మటుకు ఏం చేసింది? మింగింది. అలవాటు అంత తొందరగా పోతుందా?

మర్నాడు స్కూలుకి సెలవే. పదింటికల్లా టైంటేబుల్ చిన్నదాన్ని కొట్లోకి తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టాడు. మూలన పడున్న చిన్న పెట్టె తుడిచి చేతికిచ్చాడు. షట్టరు ముందు ఇద్దరు ముగ్గురు బట్టల కోసం నిలబడి ఉన్నారు. పక్క కొట్టు దర్జీ కత్తెర చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. తల్లి పెద్ద పెట్టెతో ఒక పక్క, కూతురు చిన్న పెట్టెతో ఇంకో పక్క. చిన్నది చెయ్యి వేసింది. పెట్టె గోరువెచ్చగా అయి ఆగిపోయింది.

"చాలదు" అన్నాడు టైంటేబుల్. కాసేపు ఆలోచించాడు. ఏ కట్టె వెయ్యాలా అని చూసుకున్నాడు. "అవునే, నీ లైట్ల పిచ్చి ఎక్కడిదాకా వచ్చింది? చీకట్లో మూల కూర్చుని స్విచ్చులు నొక్కడం కూడా ఒక విద్యేనా? స్టేజీ మీదకి రానివ్వని మొహాలకి ఇచ్చే పని కదూ అది?"

కోపంతో అనలేదు. అదే గొంతు, టీ తాగుతూ పుట్టింటి మాటెత్తే గొంతు. ఆవిడ ఇస్త్రీ ఆపేసింది. చిన్నదాని కళ్లలో నీళ్లు తిరిగాయి. పెదాలు బిగించింది. గొంతు దగ్గర గుటక కిందికి దిగడం ఆవిడకి కనబడింది. చిన్న పెట్టె మీద చెమ్మ చుయ్యిమంది.

"అద్దీ" అన్నాడు టైంటేబుల్.

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది.

"మింగకు" అంది.

"ఏంటమ్మా?"

"లోపలున్నది బయటికి అనెయ్. ముందు నన్నే అను."

"నిన్నేమంటాను?"

"నీకు తెలుసు ఏమనాలో. గ్లాసులో నీళ్లు మరిగినప్పుడు నాన్న మీదే వచ్చిందా కోపం? నా మీద రాలేదా?"

చిన్నది తల వంచుకుంది. ఆపైన కట్ట తెగినట్టు అంది.

"నీ వల్లే ఇదంతా. నువ్వు నోరు మూసుకున్నావు కాబట్టే వీళ్లకి అలవాటైంది. అన్నయ్య నిన్ను తిట్టి బకెట్టు పెడితే చెయ్యి ముంచావు. ఒక్కసారి బకెట్టు తన్నావా? నేను చిన్నప్పుడు చలేస్తే, నీకు కోపం రావాలని, పాలు బాలేవని అబద్ధం చెప్పేదాన్ని. నీకు తెలీదా అది అబద్ధమని? తెలుసు. తెలిసీ నా పాదాలు చేతుల్లోకి తీసుకుని పడుకునేదానివి. ఎందుకు ఊరుకున్నావు? మమ్మల్ని ఇలాంటివాళ్లని చేసింది నువ్వే. ఇప్పుడు నన్ను ఇక్కడ వదిలేసి వెళ్తానంటే కూడా ఊరుకున్నావు. రాత్రంతా చూశాను, వద్దంటావేమోనని. నువ్వు అనలేదు."

వీధి వీధంతా వినబడింది. దర్జీ నేల చూపులు చూశాడు. ఆవిడకి తెలుసు, అన్నీ నిజాలే. ఒక్కోటీ వచ్చి చెంప మీద తగిలినట్టుంది. మణికట్టు మాత్రం వదల్లేదు. చేతికింద కూతురి వేడి తగ్గుతూ రావడం ఆవిడకి తెలుస్తోంది.

"ఆపండే, వేడి పోతోంది" అన్నాడు టైంటేబుల్.

అప్పుడు చిన్నది ఆయన వైపు తిరిగింది. స్విచ్చులు నొక్కే మొహం అన్నందుకు మొదలుపెట్టి, ఆయన జన్మలో విననివన్నీ వినిపించింది. చివరికి గొంతు పోయి దగ్గు వచ్చింది. చిన్న పెట్టె బల్ల మీద ఉంది. టైంటేబుల్ దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లటి ఇనుము. చిన్నదాని చెయ్యి పట్టుకుని చూశాడు. ఏ ఆడపిల్ల చెయ్యి ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ చెయ్యి కాగలేదు.

"తెలివితక్కువ దద్దమ్మలు" అన్నాడు. "సరే, నువ్వు ఉండిపో" అన్నాడు భార్యతో. "నీకైనా ఆ వేడి ఉంది కదా. మీ పుట్టింట్లో నీకు బుద్ధి నేర్పి ఉంటే..."

ఆవిడకి గొంతు దాకా వచ్చింది. మింగడానికి గొంతు సిద్ధంగానే ఉంది, ఇన్నేళ్ల పాటు చేసిన పనే. కూతురు చూస్తోంది.

"మా తమ్ముడు మనిషే" అంది ఆవిడ.

అరవలేదు. ఆవిడకి అరవడం రాదు. ఆ పొద్దుటిది మొదలుపెట్టి వెనక్కి వెళ్లింది. నిన్నటిది చెప్పింది, మొన్నటిది చెప్పింది, కొడుకు పుట్టినప్పటిది చెప్పింది, అత్తగారు పెట్టె చేతిలో పెట్టినప్పటిది చెప్పింది. చెబుతూ బట్టలు మడతపెట్టింది. కొడుకు లోపల్నుంచి వచ్చి తన వంతు కూడా నిలబడి విన్నాడు. వాడి చెవులు కందిపోయాయి. షట్టరు ముందున్నవాళ్లు ఇస్త్రీ కాని బట్టలు ఒక్కొక్కరే చడీచప్పుడు లేకుండా తీసుకుని వెళ్లిపోయారు. పెళ్లినాటి మాట దాకా వచ్చేసరికి పెద్ద పెట్టె చల్లారిపోయింది. ఆవిడ దాన్ని బల్ల కింద పెట్టేసింది.

"నేనూ పిల్లలూ వెళ్తున్నాం" అంది. "మీరు కరెంటు పెట్టె కొనుక్కోండి."

టైంటేబుల్ మూడు రోజులు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆయనకి ఎంత కోపం వస్తే ఏం లాభం, బతుకులో ఒక్క మాట మింగినవాడు కాదు. పెట్టె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు కూడా. వెచ్చబడలేదు. నాలుగో రోజు కరెంటు పెట్టె కొన్నాడు. మొదటి రోజే హోటలు వాళ్ల కాలర్లు రెండు మాడ్చాడు.

బయల్దేరే రోజు ఎడారి ఊరి బస్సు కోసం లైన్లో నిలబడ్డారు. కొడుకు సామాను మోస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చిన్నది సంచి తెరిచి తన డ్రెస్సు బయటికి లాగింది.

"ఇదేంటమ్మా, నలిపి ముద్ద చేశావు? థియేటరుకి ఇది వేసుకుని వెళ్లమంటావా? నీకసలు సర్దడం వచ్చా?"

అందరూ తిరిగి చూశారు. ఆవిడ కూతురి వైపు చూసింది. దాని గొంతులో ఒక్క గుటక లేదు, కడుపులో ఉన్నది ఉన్నట్టు నోట్లోంచి వస్తోంది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అయినా ఊరుకోలేదు.

"నీ బట్టలు నువ్వు సర్దుకోలేవూ? చేతులు పడిపోయాయా?" అంది. తను అనుకున్న దానికంటే పెద్దగా వచ్చింది గొంతు. లైను చివర పసిపిల్లెవరో ఉలిక్కిపడి లేచింది. "ముడతలుంటే ముడతల్తోనే వేసుకో. నాకు చేతకాదు."

"చేతకాకపోతే ముందే చెప్పొచ్చుగా."

"ఇప్పుడు చెబుతున్నాగా."

బస్సు వచ్చేదాకా ఇద్దరూ తిట్టుకున్నారు. ఎక్కాక, కిటికీ పక్క సీటు ఎవరిదన్న దగ్గర మళ్లీ మొదలుపెట్టారు.