తాడు మీద చెయ్యి

పారలు చేతికిచ్చి "ఎత్తండి" అన్నారు. ఎత్తమన్నది చెత్త కాదు, చేపలు.

రేవుపాలెం ఒడ్డున ఇసుక మీద పాత వలలు పరిచి ఆరబోసిన నెత్తళ్లు, కవళ్లు. ఇంకా సగం పచ్చిగానే ఉన్నాయి. వాటి చుట్టూ పోలీసులు, ఒక పొక్లెయిన్, మూడు చెత్త ట్రాక్టర్లు. పార పట్టుకుని నిలబడిన వాళ్లలో మిరియం ఒకతె. గెడ్డకు అవతలున్న జీడిమెట్ట మున్సిపాలిటీలో పదహారేళ్లుగా ఊడుస్తున్న మనిషి.

రెండు ఊళ్ల మధ్య గెడ్డ అనే ఒక వాగు, దాని మీద ఒక వంతెన. ఇటు చేపలు పట్టేవాళ్లు, అటు అచ్యుతాపురం కంపెనీలకు పనికెళ్లేవాళ్లు. రెండు ఊళ్లకు రెండు మున్సిపాలిటీలు. రెంటినీ విలీనం చేసి ఒకే నగరం చేస్తామని ప్రకటించారు. దానికి ముందు 'ఉమ్మడి శుభ్రత కార్యక్రమం' అన్నారు. తమ ఊరి చేపల మీద పార వెయ్యబోమని రేవుపాలెం కార్మికులు మొండికేస్తే, జీడిమెట్ట వాళ్లను ట్రాక్టరెక్కించి తెచ్చారు. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్న తెలివి.

"ఎత్తకపోతే మస్తరు పడదు" అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు మోహనకృష్ణ, నేల చూపులు చూస్తూ. మస్తరంటే పొద్దున్నే తీసే హాజరు. మూడు రోజులు వరసగా పడకపోతే పని పోయినట్టే.

మిరియం చేపల్లోకి పార దించింది.

"ఓలే! అది సెత్త కాదే, సేపలే! కళ్లు కనబడవేటే నీకు?" అరుస్తూ పరిగెత్తుకొచ్చింది సూర్యకాంతమ్మ. అరవై దాటిన మనిషి. ఆ చేపలు ఆవిడవి. వచ్చింది వచ్చినట్టే చేపల మీద అడ్డంగా పడుకుంది. ఇద్దరు పోలీసమ్మలు చేతులు పట్టి ఈడ్చారు. ఈడుస్తుంటే చీరె నిండా చేపలు అంటుకునే వచ్చాయి.

"సెత్తెత్తిన సెయ్యి మా కూడు మీద ఎట్టినావు! నీకు కడుపు లేదేటే?"

ఆ మాట మిరియానికి తగలవలసిన చోటే తగిలింది. అయినా పార ఆపలేదు. ఆపలేకపోయింది. ట్రాక్టరు నిండింది, డంపింగ్ యార్డుకు పోయింది. ఆ సాయంత్రం రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నా చేతుల నుంచి నీచువాసన పోలేదు.

"డూటీ కదేటి. నువ్వేటి సేత్తావు?" అన్నాడు భర్త ఎడ్వర్డు. అచ్యుతాపురంలో ఒక కంపెనీలో కాంట్రాక్టు కూలి.

"ముసిలిదాని కూడు, మావా."

"మరి మన నీల్ల మాటేటి? సిటీలో కలిత్తే కుళాయి ఒత్తాదని రాజుగారి మనుషులు ఇంటింటికీ సెప్తన్నారు. ఆ రేవోలు అడ్డం పడిపోతన్నారంట. ఆలు ఒద్దంటే మన గొంతులెండిపోవాలా?"

రాజుగారంటే సన్యాసిరాజు. రెండు ఊళ్లలోనూ చెత్త ట్రాక్టర్ల కాంట్రాక్టు ఆయనదే. రేవులో ఆయన మనుషులే ఇంకో పాట పాడుతున్నారు, జీడిమెట్టోళ్లు మీ ఒడ్డు మీద కన్నేశారని. రెండు ఊళ్లూ ఆయన మాటే నమ్మాయి. ఒకదాని మీద ఒకటి పళ్లు నూరుకుంటూ కూర్చున్నాయి.

మర్నాడు మంగళవారం. మస్తరు అయ్యాక మున్సిపల్ ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు అద్దం తుడవడం మిరియం వంతు. మూడు వారాలుగా తుడుస్తూనే ఉంది. లోపల నాలుగు పేజీల కాగితం ఒకటి అంటించి ఉంది. అందులో ఏముందో ఏనాడూ అడగలేదు. ఆఫీసు కాగితాలు ఆఫీసోళ్లకే అనుకునే అలవాటు. ఆ రోజు మాత్రం గుడ్డ చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"రోజలినూ, ఇలగ రా. సదువు."

రోజలిన్ పదో తరగతి దాకా చదివి చీపురు పట్టిన పిల్ల. కూడబలుక్కుంటూ పైకి చదివింది. చీపుళ్లు, తోపుడుబళ్లు వదిలి నలభై మంది చుట్టూ మూగారు. విలీనమయ్యాక రెండు ఊళ్ల పారిశుధ్యం ఒకే ఏజెన్సీకి. ఇప్పటి హాజరు పట్టీలు రద్దు. యంత్రాలు పోను అవసరమైనంత మందినే ఏజెన్సీ ఎంచుకుంటుంది. రేవుపాలెం తీరభూమి కొత్త నగరానికి దఖలు, అక్కడ లారీల యార్డు. శుక్రవారం ఉదయం పదింటికి వంతెన దగ్గర కల్యాణమండపంలో ప్రజాభిప్రాయ సేకరణ.

"నీల్ల మాటేదే?" అడిగింది ఒకామె.

రోజలిన్ నాలుగు పేజీలూ మళ్లీ వెతికింది. "నేదు. ఎక్కడా నేదు."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఏజెన్సీ ఎవరిదో కాగితంలో లేకపోయినా, రాజుగారిదేనని అందరికీ తెలుసు. మిరియానికి కోపం ముందు తన మీదే వచ్చింది. "అద్దం తుడిసింది మనమే! మన మొకం కనబడేలా తుడిసినాం గాని, లోపలేటుందో సూసినామా? నిన్న నా సేత ఆళ్ల సేపలెత్తించినారు. రేపు మనల్నెత్తిపారెయ్యడానికి ఇంకెవులి సేతికో పార ఇత్తారు."

"అయితే ఏటి సేద్దారి?"

"రేవుకెల్దాం."

"ఏ మొకం ఎట్టుకుని?"

"ఉన్న మొకమే ఎట్టుకుని."

ఆ మధ్యాహ్నం పదకొండు మంది వంతెన దాటారు. సూర్యకాంతమ్మ గుమ్మంలోనే ఆపేసింది. కాగితంలో సంగతి రోజలిన్ చదివి చెప్పింది. అంతా విన్నది. విని అడ్డంగా తలూపింది.

"ఒడ్డు పోద్దని మాకెప్పుడో తెలుసు. మీ పనులు పోతాయని తెలిసినాక మీరొచ్చినారు. మా తాడు మీద ఏనాడైనా మీ సెయ్యి పడ్డాదేటి? తాడు మీద సెయ్యి పడితేనే పాలు, తాడు మీద సెయ్యి పడితేనే మాట. ఎల్లండెల్లండి."

రేవులో అది నోటిమాట కాదు, కట్టుబాటు. అక్కడ ఇప్పటికీ ఒడ్డు నుంచి లాగే పెద్దవల ఉంది. పడవ వెళ్లి సముద్రంలో అర్ధచంద్రంగా వల వదిలి వస్తుంది. రెండు తాళ్ల కొసలు ఒడ్డున దూరదూరంగా ఉంటాయి. రెండు గుంపులు చెరో తాడూ లాగుతూ, మెల్లగా ఒకదాని వైపు ఒకటి జరుగుతూ వస్తాయి. ఆ తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్లకూ పడ్డ చేపలో పాలు, అంటే వాటా; రేవు సంగతుల్లో మాట. వేసిన చెయ్యిని తియ్యమనే హక్కు వల పెద్దకు కూడా లేదు.

బుధవారం పొద్దు పొడిచేసరికి మిరియం జట్టు ఒడ్డున ఉంది. సెలవు చీటీ ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు. మస్తరు పోతే పోయింది. వల అప్పటికే నీళ్లలో ఉంది. కుర్రాళ్లు చాలామంది కంపెనీలకు పోయారు. దక్షిణం తాడు దగ్గర ఆరుగురే ముసలివాళ్లు రొప్పుతున్నారు. మిరియం నేరుగా వెళ్లి తాడు మీద చెయ్యి వేసింది. వెనకాలే రోజలిన్, ఆ వెనకాల మిగిలినవాళ్లు.

లాగుడు ఆగిపోయింది. "తియ్యవే సెయ్యి!" అని గద్దించాడు ఉత్తరం తాడు దగ్గరున్న కోటి, సూర్యకాంతమ్మ కొడుకు. అందరూ వల పెద్ద తాతబాబు వైపు చూశారు.

తాతబాబు చుట్ట ఉమ్మేశాడు. "సెయ్యి పడిపోనాది. ఇంక తియ్యమనడానికి నాకే హక్కు నేదు, నువ్వెంతోడివిరా? లాగండి."

లాగారు. అక్కడే తప్పు జరిగింది. నిండిన తోపుడుబండిని ఎత్తుమీదకు నెట్టే చేతులవి. నిదానం తెలీదు. ఆగితే మేస్త్రీ తిడతాడనే భయం ఒంట్లో ఇంకిపోయి ఉంది. బలమంతా పెట్టి గుంజారు. దక్షిణం తాడు దబదబా వచ్చేసింది, ఉత్తరం తాడు ఇంకా సగంలోనే ఉంది. వల మూతి వంకర తిరిగింది. మిరియం కళ్లెదుటే వెండిలాంటి చేపల గుంపు పక్కనుంచి జారి సముద్రంలోకి పోయింది.

"సంపేసినార్రా!" కోటి నెత్తి కొట్టుకున్నాడు. మిరియం తాడు పట్టుకునే కుప్పకూలి ఏడ్చింది. సోమవారం పారతో ఎత్తింది చాలక ఇవాళ చేతులారా వదిలేసింది.

"ఏడుపాపి ఇనండి" అన్నాడు తాతబాబు. "ఒక తాడు ముందొచ్చేత్తే సేపంతా పోద్ది. బలం కాదు కావలిసింది. అటేపు తాడు ఎక్కడున్నాదో సూసుకుంటా లాగాల. ఆలు ఆగితే మీరాగాల. ఆలు నడిత్తే మీరు నడవాల."

వలలో మిగిలింది రెండు గంపలు. తాతబాబు వాటాలు వేశాడు. సూర్యకాంతమ్మ దోసెడు కవళ్లు తెచ్చి, మిరియం ఎదుట నిలబడింది. వాటిని ఆ చేతుల్లోనే పోసింది.

"తీసుకోవే. తాడు పట్టినావు, పాలు నీది. తిట్లు కూడా నీవే, అవి ఎనక్కి తీసుకోను."

మిరియం ఏడుస్తూనే నవ్వింది.

గురువారం సాయంత్రం ఆ ఒడ్డునే రెండు ఊళ్లూ కూర్చున్నాయి. తేలిగ్గా కూర్చోలేదు. వంతెనకు గేటు పెట్టేద్దాం, విలీనం మాటే వద్దన్నాడు కోటి. ఎడ్వర్డు లేచాడు.

"గేటెట్టుకుని ఏటి సేత్తావు బావా? మా పిల్లలు ట్యాంకరు కోసం సదువు మానేత్తన్నారు. నాకు నీల్లు కావాల. కలిత్తే నీల్లొత్తాయంటే నాను కలుత్తాను, దాపరికమేటి? కాని మా కంపెనీలో ఇద్దరు కాంట్రాక్టర్లని కలిపి ఒక్కడ్ని సేసినప్పుడు సూసినాను. కలిసింది ఆలు, రోడ్డున పడింది మేం."

"అయితే కలవాలా ఒద్దా?" అరిచారు వెనకనుంచి.

"అది మనం తేల్సుకుందారి" అంది మిరియం. "ఆ రాజు రాసిన కాగితం మీద కాదు. ముందు ఆ కాగితం సావాల."

అరుపులు, ఎదురరుపులు. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు కూడా. చివరికి సూర్యకాంతమ్మ అంది, "రేపు మండపంలో ఎవులూ సేతులెత్తకండి. అటూ ఎత్తకండి, ఇటూ ఎత్తకండి. మిగతాది అక్కడ సూసుకుందారి."

శుక్రవారం కల్యాణమండపం కిక్కిరిసింది. రెండు ఊళ్లూ కొట్టుకుంటాయని పోలీసులు హాలు మధ్యన ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టారు. అటు రేవు, ఇటు జీడిమెట్ట. అంత పొడుగు తాడు స్టేషన్లో లేకపోతే తెల్లవారుతూనే తాతబాబును అడిగి తెచ్చుకున్నారు. తాతబాబు నవ్వు మొహాన కనపడకుండా వలతాడు చుట్ట మొత్తం ఇచ్చి పంపాడు.

వేదిక మీద స్పెషలాఫీసరు, పక్కన పట్టుచొక్కాలో సన్యాసిరాజు. ఆఫీసరు అభివృద్ధి గురించి అరగంట చెప్పి, "విలీనానికి అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. రాజు నవ్వుతూ జీడిమెట్ట వైపు తిరిగాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. మిరియం తన చేతిని మధ్యనున్న తాడు మీద వేసింది. అవతలి పక్కనుంచి సూర్యకాంతమ్మ చెయ్యి పడింది. ఎడ్వర్డుది పడింది, కోటిది పడింది. తాడు పొడుగునా అటు చేతులు, ఇటు చేతులు పడ్డాయి. తాడు కనపడటం మానేసింది.

"సరే, వ్యతిరేకమైనవాళ్లు ఎత్తండి."

అప్పుడూ లేవలేదు.

"ఏంటిది? అనుకూలమా, వ్యతిరేకమా?"

"సేతులు ఖాళీ లేవు సార్, తాడు మీదున్నాయి" అంది మిరియం. "కలవడం ఒద్దని మేమన్లేదు. మస్తరు కొట్టేసిన కాగితంతో కలవం. ఒడ్డు లారీలకిచ్చేసిన కాగితంతో కలవం. ఎవులి పనీ పోదని, ఎవులి ఒడ్డూ పోదని, నీల్లు ఏ రోజొత్తాయో రాసిన కాగితం తెండి. మా ఎదర సదివించండి. అప్పుడు ఈ సేతులెత్తాలో ఒద్దో రెండూల్లూ కూకుని తేల్సుకుంటాం."

"ఈళ్లకి తాడెవడిచ్చాడు?" రాజు కేకేశాడు.

"మనమే కట్టించాం సార్" అన్నాడు పోలీసు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు వేదిక మీదివాళ్లు భరించలేకపోయారు. లాఠీలు లేచాయి. రోజలిన్ నుదురు చిట్లింది. చేతి వేళ్ల మీద కొడితే కొందరి చేతులు జారాయి, ఆ ఖాళీలో వేరే చేతులు పడ్డాయి. మిరియం వేళ్లను ఒక్కొక్కటే విప్పి ఊడదీశారు. సూర్యకాంతమ్మను సోమవారం ఈడ్చినట్టే ఈడ్చారు. ఇద్దరినీ వ్యాన్లోకి తోశారు.

జనంలో ఇరుక్కుని ఆలస్యంగా కదిలిన వ్యాను వంతెన సగం దాటి ఆగింది. మిరియం జాలీలోంచి చూసింది. ముందు వంతెనకు అడ్డంగా, హాల్లోంచి విప్పి తెచ్చిన వలతాడు, దాన్ని పట్టుకుని రెండు ఊళ్ల జనం. తాడు మధ్యభాగం వ్యానుకు ఎదురుగా ఉంది. ఎడమ కొస వ్యాను పక్కనుంచి వెనక్కి చుట్టి వస్తోంది, అక్కడ ఎడ్వర్డు, జీడిమెట్ట వాళ్లు. కుడి కొస కూడా వస్తోంది, అక్కడ కోటి, రేవు వాళ్లు. రెండు కొసలూ వెనక కలిస్తే వ్యాను వలలో ఉన్నట్టే. తాతబాబు "ఐలెస్సా" అంటుంటే జనం అందుకుంటున్నారు. రోజలిన్ నుదుటికి గుడ్డ కట్టుకుని తాడు పట్టుకుంది. లాఠీలు పట్టుకున్న పోలీసులు ఇన్‌స్పెక్టరు వైపు చూస్తున్నారు.

ఎడ్వర్డు భార్యను చూశాడు. చూసి పళ్ల బిగువున గుంజాడు. జీడిమెట్ట తాడు ఒక్కసారిగా ముందుకొచ్చేసింది.

సూర్యకాంతమ్మ జాలీకి మొహం ఆనించి, గొంతు చించుకుని అరిచింది.

"ఒరే ఎడ్వర్డూ! తొందరపడకురా! ఆగు! అటేపు తాడు రానీ!"

ఎడ్వర్డు ఆగాడు. అటువైపు తాడు వచ్చింది.