హెపారిన్ ఆపమన్నది నేనే

"ఆసుపత్రికి వెళ్లేలోగా ఆ చేపల పులుసు పొయ్యి మీద పెట్టేసి వెళ్లమ్మా" అన్నారు మా అత్తయ్య దానమ్మగారు. నేనూ డాక్టరునేనని ఆవిడకి తెలియక కాదు. ఏలూరులో మాది సొంత ఆసుపత్రి. మా ఆయన జీవన్ సర్జన్, ఐసీయూ చూసేది నేను. "మన ఆసుపత్రేగా లిడియా, నీకు జీతమేంటి" అని పెళ్లయిన కొత్తలోనే ఆయన నవ్వేశారు. రోగుల బంధువులకి నేను డాక్టరుగారి ఆవిడని.

పులుసు దించి వెళ్లేసరికి సత్యవేణి రక్తపరీక్ష రిపోర్టు వచ్చి ఉంది. ఆవిడ మండవల్లిలో చేపల చెరువులున్న నరసరాజుగారి భార్య. పేగు ఆపరేషను తర్వాత ఇన్‌ఫెక్షను ఒళ్లంతా పాకి వెంటిలేటరు మీద ఉంది. మంచం మీద కదలకుండా ఉన్నవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, మొదటి నుంచీ ఆవిడకీ ఇస్తున్నాం. మొన్నటి వరకూ సరిగా ఉన్న ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడిపోయాయి.

"ఇన్‌ఫెక్షనే. ప్లేట్‌లెట్లు ఎక్కించెయ్" అన్నారు జీవన్, థియేటరు గౌను కట్టుకుంటూ.

ఇన్‌ఫెక్షనైతే జ్వరం తగ్గి, బీపీ నిలబడ్డాక ఇవెందుకు పడిపోతున్నాయి? దుప్పటి తీసి చూశాను. ఎడమ పాదం చల్లగా ఉంది, వేళ్లు నీలంగా మారుతున్నాయి. ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకి రక్తం కారుతుందని భయపడతాం, ఈవిడకి గడ్డకడుతోంది. గడ్డకట్టకుండా ఇచ్చిన మందు మీదే ఒళ్లు తిరగబడితే ఇలాగే అవుతుంది. చాలా అరుదు, కానీ చదివినదాన్ని. ఒక్క క్షణం, ఆయన ఒప్పుకుంటారా అని ఆలోచించాను. ఆ ఆలోచనకే నాకు సిగ్గేసింది. ఇక్కడ పాదం నల్లబడుతుంటే నేను మొగుడి అనుమతి కోసం చూస్తున్నానా?

"హెపారిన్ ఆపేయండి. సెలైన్ గొట్టాలు కడిగే మందులో కూడా అది ఉండకూడదు. ప్లేట్‌లెట్లు ఎక్కించొద్దు, గడ్డలు పెరుగుతాయి" అని నర్సు జాయ్సీకి చెప్పాను. బదులుగా వాడే మందుకి విజయవాడ ఫోన్ చేశాను. పరీక్షకి రక్తం హైదరాబాదు పంపాను.

థియేటరు నుంచి వచ్చి జీవన్ మండిపడ్డారు. "నన్నడగకుండా ఆపేశావా? ఆవిడకేమన్నా అయితే?"

"హెపారిన్ ఇస్తే అవుతుందండీ. ఆపితే కాదు. ఆ బాధ్యత నాది."

మర్నాటికి వేళ్లు అంతకన్నా నల్లబడలేదు. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు పెరగడం మొదలెట్టాయి. హైదరాబాదు రిపోర్టులో నేను అనుకున్నదే వచ్చింది. సత్యవేణికి చిటికెనవేలు దక్కలేదు, కాలు దక్కింది. ఇంటికెళ్లే రోజు నరసరాజుగారు మా ఆయన చేతులు పట్టుకుని "మీరు దేవుడండీ" అన్నారు. ఆయన కాదనలేదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాఫీ తాగుతూ అన్నారు జీవన్. "డాక్టర్ల మీటింగులో ఈ కేసు చెబుదామనుకుంటున్నాను. స్లైడ్లు చేసి పెట్టు."

"చేస్తానండి. చెప్పేది కూడా నేనే."

"నువ్వెప్పుడూ స్టేజీ ఎక్కలేదుగా."

"మీరెప్పుడూ ఎక్కమనలేదుగా."

ఆయన కప్పు కింద పెట్టేలోగా డాక్టర్ల సంఘం సెక్రటరీ గంగాధరరావుగారికి ఫోన్ చేశాను. సంతోషంగానే రాసుకున్నారాయన. "పేరు ఎలా వేయించమంటారమ్మా? మిసెస్ జీవన్ అనా?"

"కాదండీ. డాక్టర్ లిడియా, ఎం.డి. అని వేయించండి."